నల్ల పేరు పక్కన ఎర్ర పేరు

మా ఆఫీసులో వైట్‌బోర్డు కింద నాలుగు మార్కర్లు ఉంటాయి. నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు. నాలుగింటిలో రాసేది ఎర్రదొక్కటే. మిగతా మూడూ ఎండిపోయి చాలాకాలమైంది. కానీ వాటిని చెత్తబుట్టలో వేసే అధికారం ఏ స్థాయి ఉద్యోగికి ఉందో ఇంతవరకు తేలలేదు; కాన్‌బెర్రాలో ప్రభుత్వ శాఖ అంటే మాటలు కాదు. ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు లేచి, నల్ల మార్కరు తీసి, బోర్డు మీద రెండు గీతలు గీసి, అది రాయదని రూఢి చేసుకుని, మూత బిగించి, జాగ్రత్తగా యథాస్థానంలో పెడతారు. పదకొండేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఆరుగురు మేనేజర్లు మారారు, ఆ నల్ల మార్కరు మారలేదు. ఎర్రదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎర్రగా రాస్తే ఎదుటివాళ్ళని తిట్టినట్టు ఉంటుందట. అందుకే దాంట్లో ఇంకా సిరా ఉంది.

ఈ ఫిర్యాదుకీ నేను చెప్పబోయేదానికీ పెద్ద సంబంధం లేదు. మా తోటలో పెయింటు డబ్బాల పరిస్థితి కూడా సరిగ్గా ఇదే అన్నది తప్ప.

కాన్‌బెర్రా శివార్లలో, గంగాలిన్‌లో మా ఇంటినుంచి పది నిమిషాలు నడిస్తే పేటవాళ్ళందరికీ కలిపి ఒక కూరగాయల తోట ఉంది. ముప్పై రెండు మళ్ళు. ఒక్కో మడికి చుట్టూ చెక్కల చట్రం, మధ్యలో ఎత్తుగా మట్టి, తలవైపు ఒక పలక, పలక మీద పేరు. మడి కొలత ఒక మనిషి వెల్లకిలా పడుకుంటే సరిపోయేంత. ఇన్నేళ్ళలో ఆ కొలత గురించి నాకెప్పుడూ ఏ ఆలోచనా రాలేదు. ఆ తోట సంఘానికి నేను సెక్రటరీని. ఒక ఏడాది వార్షిక సమావేశానికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేసరికి ఎన్నికై ఉన్నాను.

నా మడి నంబరు పద్దెనిమిది. పదిహేడు ఒక చైనా దంపతులది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కొడుకు ఇక్కడ పళ్ళ డాక్టరు కాబట్టి వచ్చి స్థిరపడ్డారు. ఆయనకి ఇంగ్లిషు బాగా వచ్చు. ఆవిడకి "గుడ్", "నో గుడ్", "టూ మచ్ వాటర్", ఇంకో పదీ పన్నెండు మాటలు వచ్చు; తోటపనికి అంతకన్నా భాష అక్కర్లేదని నాకు క్రమంగా తెలిసింది. ఇద్దరూ నన్ను సెక్రటరీ అనే పిలిచేవారు. నన్ను హోదాతో పిలిచిన మనుషులు ఈ ప్రపంచంలో వాళ్ళిద్దరే.

మా మధ్య ఉన్న సరిహద్దు తగాదా ఒక్కటే, పుదీనా. నా పుదీనా చెక్క కిందనుంచి దూరి వాళ్ళ మడిలో తేలేది. ఆయన ఆ తీగని వేరుతో సహా లాగి, మట్టి దులిపి, ఎవరో పారేసుకున్న వస్తువు తిరిగి అప్పగిస్తున్నట్టు నా చట్రం మీద పెట్టేవారు. మాట అనేవారు కాదు. ఆవిడ అనేది. ఏమనేదో చైనా భాషలో కనుక, నేను మెచ్చుకోలు కిందే తీసుకునేవాణ్ణి.

ఎరుపు గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. వాళ్ళ భాషలో ఎరుపుని హోంగ్ అంటారు. పెళ్ళి ఎర్ర పని, చావు తెల్ల పని. నిండా బతికి పోయినవాళ్ళ చావుని పెళ్ళితో కలిపి శుభకార్యాల్లోనే వేస్తారట. పై అధికారి దగ్గర చలామణీ అయ్యేవాణ్ణి "ఎర్ర మనిషి" అంటారు. మనం చెంచా అంటాం. వాళ్ళ మాటే కొంచెం మర్యాదగా ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయంటే మనకి కోపం, వాళ్ళకి అసూయ. ఆ లెక్కన మా మేనేజర్లు ఆరుగురికీ నా మీద తీరని అసూయ. వాళ్ళ భాషలోకి మారిస్తే నా ఉద్యోగజీవితం ఎంతో మెరుగ్గా కనిపించింది.

ఒక చలికాలం ఆయన రబ్బరు గమ్‌బూట్లలోంచి ఎర్ర సాక్సు తొంగిచూశాయి. చంటిపిల్లలకి తొడిగేంత ఎరుపు. అడిగితే చెప్పారు. పన్నెండేళ్ళకోసారి మనం పుట్టిన జంతువు సంవత్సరం తిరిగి వస్తుంది, ఆయనకిప్పుడు డెబ్భై రెండు. మన సంవత్సరం కదా అని సంబరపడకూడదు, అది మనిషికి గండం. కాబట్టి ఆ ఏడాది పొడుగునా ఒంటిమీద ఎక్కడో ఒకచోట ఎరుపు ఉండాలి. ఇంకెక్కడెక్కడ ఉందని అడిగాను. ఆయన నేను పుట్టిన సంవత్సరం కనుక్కుని, వేళ్ళ మీద లెక్కవేసి, నా గండానికి ఇంకా మూడేళ్ళుందని చెప్పారు.

ఆయన పండించే పంటల్లో నాకు ప్రాణం బూడిద గుమ్మడి. కాన్‌బెర్రా మంచులో బూడిద గుమ్మడి కాయించడమంటే దాదాపు పిల్లవాణ్ణి పెంచడమే. ప్లాస్టిక్ కప్పి, గడ్డి పరిచి, ఏడాదికి ఒకటో రెండో కాయించేవారు. పిందె పడగానే తీగకి ఒక ఎర్ర దారం కట్టేవారు. అది చూసి నాకు ఎక్కడలేని బంధుత్వం పుట్టుకొచ్చింది. మా వైపు కూడా దిష్టి ఉందనీ, సరిగ్గా ఈ కాయనే కొత్త ఇంటి గుమ్మానికి వేలాడదీస్తామనీ ఉత్సాహంగా చెప్పాను. ఎన్నాళ్ళు అన్నారు. కుళ్ళేదాకా అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఆ సంగతి ఆవిడకి చెప్పారు. ఆవిడ నా వైపు చూసింది. ఆ తర్వాత వాళ్ళు నాకిచ్చిన ప్రతి గుమ్మడికాయనీ ముక్కలు కోసే ఇచ్చారు.

మొన్న మే నెలలో ఆయన పోయారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. రాత్రి పడుకున్నవారు పొద్దున లేవలేదు. తెల్ల పనికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. తెల్ల చామంతులు, తెల్ల కాగితాలు. బయటికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఎర్ర కాగితం చుట్టిన చాక్లెట్టు పెట్టారు. ఇంటికి చేరేలోపు తినేయాలట, దుఃఖం వెంట రాకుండా. తిన్నాను. పనిచేసిందో లేదో చెప్పలేను.

జూన్ వెళ్ళింది, జూలై వెళ్ళింది. పదిహేడో మడిలోకి ఎవరూ రాలేదు. క్యాబేజీలు పూతకొచ్చి వాలిపోయాయి, కలుపు మోకాలెత్తు లేచింది. మా సంఘంలో నియమం స్పష్టంగా ఉంది. రెండు నెలలు మడి పట్టించుకోకపోతే ఉత్తరం, ఆ పైన జరిగే మీటింగులో ఆ మడి వెయిటింగ్ లిస్టులో మొదటివాళ్ళకి. లిస్టులో పద్నాలుగు పేర్లున్నాయి. ఆ నియమం రాసింది నేనే. తప్పించుకునే సందు లేకుండా చాలా పకడ్బందీగా రాశాను.

ఉత్తరం పంపకుండా నెలన్నర నెట్టుకొచ్చాను; ఆ విద్యలో నాకు పదకొండేళ్ళ అనుభవం ఉంది. చివరికి మా సంఘం అధ్యక్షురాలు నన్ను పక్కకి పిలిచి, సెప్టెంబరు చివరి శనివారం మీటింగులో పదిహేడు సంగతి తేల్చాలంది. ఉన్నది రెండు వారాలు. కొడుక్కి ఫోన్ చేశాను. అమ్మ గడప దాటడం లేదన్నాడు. తోట మాటెత్తితే ఒకటే జవాబట. పలక మీద ఉన్నది ఆయన పేరు, అది ఆయన తోట, నాకేం పని అని.

అక్కడే నాకు ఆ గొప్ప ఆలోచన తట్టింది. పలక మీద ఆవిడ పేరు కూడా రాస్తే సరి.

అది నిలువు పలక. ఆయన స్వయంగా కుంచెతో, పైనుంచి కిందికి, మూడు చైనా అక్షరాల్లో తన పేరు నల్లగా రాసుకున్నారు. ఒక పక్కకి జరిపి రాశారు. రెండో సగం ఖాళీ. లెక్కల మాస్టారికి స్థలం అంచనా తప్పిందని నేను లోలోపల కొంచెం సంతోషించేవాణ్ణి కూడా.

ఆలోచన మా ఆవిడకి చెప్పాను.

"ఆవిడకేం కావాలో ఆవిణ్ణి అడిగారా?" అంది.

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుందోయ్."

"మీ సర్‌ప్రైజులు నాకు తెలీనివా. మొన్న మ్యారేజ్ డేకి నిచ్చెన కొన్నారు."

ఆ నిచ్చెన ఇప్పటికీ మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పనిచేస్తుందన్న సంగతి మా ఆవిడ కావాలనే మర్చిపోతుంది.

శనివారం పొద్దున తోట షెడ్డు తెరిచాను. నల్ల పెయింటు డబ్బా మూత తీస్తే లోపల బిళ్ళలా గట్టిపడి ఉంది. ఎర్ర డబ్బా మాత్రం కొత్తపెళ్ళికూతురిలా నిండుగా ఉంది. తర్వాత అడిగినవాళ్ళందరికీ నేను ఎరుపుని దాని సాంస్కృతిక ప్రాముఖ్యం కొద్దీ ఎంచుకున్నానని చెప్పాను. నిజానికి డబ్బా ముందు, సంస్కృతి తర్వాత. అయినా అనుమానం ఎందుకని ఫోన్‌లో వెతికాను. చైనావారికి ఎరుపు శుభం, సంతోషం, సౌభాగ్యం అని మొదటి వాక్యంలోనే ఉంది. శుభం అన్న మాట కనబడగానే చదవడం ఆపేయడం మా వంశంలో ఉంది. పైగా మనకి మాత్రం కాదా? మా పెళ్ళి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పూసి, మధ్యలో నా పేరు ఎర్రగానే అచ్చువేశారు. దాని ఫలితాల గురించి ఇక్కడ చర్చించను.

ఆవిడ పేరు సభ్యత్వ ఫారం మీద సంతకంగా ఉంది. మూడు అక్షరాలు. గీత తర్వాత గీత చూసి దింపడానికి రెండు గంటలు పట్టింది. మొదటి రెండూ బాగానే నిలబడ్డాయి. మూడోది కాస్త తాగొచ్చినట్టు ఉన్నా, దూరం నుంచి చూస్తే గౌరవనీయంగానే ఉంది. నల్ల పేరు పక్కన ఎర్ర పేరు, రెండూ తలవైపు పలక మీద, ముందర ఎత్తుగా మట్టి. వెనక్కి నడిచి, తల పక్కకి వంచి చూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో ఇంత నిండుగా కుదిరింది మరొకటి లేదనిపించింది. ఫోటో తీసి కొడుక్కి పంపాను. ఫారంలో ఆవిడ నంబరు కూడా ఉంది కదా అని ఆవిడకీ పంపాను.

పది నిమిషాల్లో కొడుకు ఫోన్.

"మేట్, అది ఎవరు రాశారు?"

నేనే అని, వీలైనంత వినయంగా చెప్పాను.

రాబోయే పొగడ్తని ఎలా స్వీకరించాలా అని చూసుకుంటున్నాను.

"బతికున్న మనిషి పేరు మేం ఎర్రగా రాయం" అన్నాడు. "రాసేది ఒక్కచోటే, సమాధి రాయి మీద. నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. కానీ అమ్మ చూడకముందు మార్చెయ్, ప్లీజ్."

మారుస్తానన్నాను. ఆ ఫోటో అప్పటికే వాళ్ళమ్మ ఫోన్‌లో ఉందని చెప్పే ధైర్యం మాత్రం ఆ క్షణంలో కలగలేదు.

సంగతి మా ఆవిడకి చెప్పాను. నిచ్చెన ఊసు కూడా ఎత్తలేదు. అంటే తప్పు పెద్దదే. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని తోటకి రప్పిద్దామని వెళ్ళి, ఆవిడకి సమాధి కట్టి ఫోటో తీసి పంపిన ఘనత తెలుగువాళ్ళలో బహుశా నాకే దక్కుతుంది. ఇంక మీటింగు దేనికి? మడి పోవడం ఖాయం, పోగొట్టింది నేను. సాయంత్రం హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి నల్ల పెయింటు కొన్నాను. ఎరుపు తప్పు, కాబట్టి నలుపు ఒప్పు. ఆయన పేరు నల్లగా ఉంది, ఆవిడ పేరూ నల్లగా ఉంటే ఏ గొడవా ఉండదు. ఇంజినీరింగు చదివినవాణ్ణి, ఆ మాత్రం తర్కం చేతనవును.

ఆదివారం ఎనిమిదింటికల్లా తోటలో ఉన్నాను. గడ్డి మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా తెరిచి, కుంచె ముంచి, ఆవిడ పేరులో మొదటి అక్షరం దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళాను.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

ఆవిడే. ట్రామ్ ఎక్కి ఒక్కతే వచ్చింది. కాళ్ళకి ఆయన గమ్‌బూట్లు, రెండు సైజులు పెద్దవి. లేచి క్షమాపణ చెప్పబోయాను. ఎరుపు తప్పని మీ అబ్బాయి చెప్పాడు, నాకు తెలీక చేశాను, ఇప్పుడే నల్లగా మార్చేస్తాను, ఇద్దరిదీ ఒకే రంగు అవుతుంది అని, ఆవిడకి అర్థమయ్యేలా నిదానంగా, చేతులతో సహా వివరించాను. ఆవిడ నన్ను, గుమ్మడికాయ వేలాడదీస్తామని విన్నప్పుడు చూసినట్టే చూసింది. తర్వాత వేలితో నల్ల పేరు చూపించి, తనకొచ్చిన ఆ కాస్త ఇంగ్లిషులోనే అంది.

"ఆయన. అయిపోయాడు."

ఎర్ర పేరు చూపించింది.

"నేను. అవలేదు."

ఆఖరికి నా చేతిలో డబ్బా చూపించింది.

"నీకేమిటి తొందర?"

ఈలోగా కొడుకు కారు వచ్చి ఆగింది. ఇంట్లో తల్లి కనబడక, ఎక్కడికి వెళ్ళి ఉంటుందో ఊహించి పరిగెత్తుకొచ్చాడు. పలక చూశాడు, తల్లిని చూశాడు, నన్ను చూశాడు, ఇద్దరిలో ఎవరి మీద కోప్పడాలో తేల్చుకోలేకపోయాడు. ఆవిడ అతనితో చాలాసేపు మాట్లాడింది. తర్వాత మట్టి వైపు చూస్తూ నాకు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో భార్యాభర్తల్లో ఒకరు ముందు పోతే, రాయి మీద ఇద్దరి పేర్లూ అప్పుడే చెక్కిస్తారు. పోయినవాళ్ళ పేరు నల్లగా, ఉన్నవాళ్ళ పేరు ఎర్రగా. రెండోవాళ్ళు కూడా పోయిన రోజు ఆ ఎరుపు మీద నలుపు వేస్తారు. ఇక్కడి శ్మశానంలో అతను తండ్రికి పెట్టించింది పచ్చికలో చిన్న కంచు ఫలకం, ఒకే పేరు, రంగులుండవు. నా పేరేదని ఆవిడ అడిగిందట. బతికుండగా నీ పేరెందుకమ్మా, అశుభం అన్నాడట. మే నెలనుంచీ ఆవిడ కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఇల్లు కదలడం లేదు.

"ఇది సమాధిలా ఉందమ్మా అన్నాను" అన్నాడు. "ఉండనీ అంటోంది."

మా నాన్న పోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. పదోరోజున ఇంటి ఆడవాళ్ళు అమ్మని పెరట్లోకి తీసుకెళ్ళారు. మగవాళ్ళు చూడకూడదన్నారు, చూడలేదు. వెళ్ళేటప్పుడు అమ్మ నుదుట ఎప్పటికన్నా పెద్ద కుంకుమబొట్టు ఉంది. వచ్చేటప్పుడు లేదు. పోయింది నాన్న, చెరిపింది అమ్మని. దాన్ని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్షలున్నాయని ఆ తర్వాత నాలుగో రోజున హాస్టలుకి వెళ్ళిపోయాను. రెండేళ్ళ తర్వాత అమ్మ బొట్టు పెట్టుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది. నల్లది. ఎవరూ ఏమీ అనకుండా ఉండేంత చిన్నది. ఆ నల్లబొట్టుతో అమ్మ ఇరవై ఆరేళ్ళు బతికింది.

నా చేతిలో నల్ల డబ్బా ఇంకా తెరిచే ఉంది. మూత పెట్టేశాను.

ఆవిడ అప్పటికే మడి అంచున కూర్చుని కలుపు పీకుతోంది. కొడుకు ఒక నిమిషం నిలబడి, మంచి ప్యాంటుతోనే పక్కన కూర్చుని తనూ పీకడం మొదలుపెట్టాడు. ఏది కలుపో ఏది మొక్కో అతనికి తెలీదని రెండో గుప్పెటకే బయటపడింది. ఆవిడ "నో గుడ్" అంది. కొడుకుతో ఇంగ్లిషు ఎందుకో నాకర్థం కాలేదు. బహుశా నేను కూడా వినాలని. జేబులోంచి నా పుస్తకం తీసి, మీటింగు కోసం, పదిహేడో మడి సాగులో ఉంది అని రాసుకున్నాను. నా పెన్ను నీలం. ఎవరికీ ఏ అభ్యంతరం ఉండదనుకుంటాను.

మూడో అక్షరం వంకర పోయిందని నాకే తెలుసు. దిద్దమంటే దిద్దుతానని అన్నాను. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. ఆవిడ చెయ్యి మట్టిలో దేన్నో పట్టుకుని లాగుతోంది. మూరెడు పొడవున తీగ వచ్చింది, ఇంకా వచ్చింది, వేరు వెంట వేరు, చెక్క కిందనుంచి నా మడి వైపు. ఆయనలా మట్టి దులిపి నా చట్రం మీద పెట్టలేదు. దాన్ని అలాగే పైకెత్తి పట్టుకుంది.

"సెక్రటరీ," అంది. "నలుపు నేను పోయాక వెయ్యి. పుదీనా ఇవాళే తియ్యి."